కొత్తచెరువు ఇంటికి ఏ ఏసీ?

ఏప్రిల్ మధ్యాహ్నం కొత్తచెరువులో మిద్దె మీద తడిచీర ఆరేసి, కిందికొచ్చి కాఫీ తాగి వెళ్లేసరికి అది ఎండిపోయి ఉంటుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే పాత అనంతపురం జిల్లా పీఠభూమి ఇది. 2022 ఏప్రిల్ నుంచి ఈ మండలం శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. ఇక్కడి ఎండాకాలంలో ఒళ్లు జిడ్డెక్కే ఉక్కపోత తక్కువ, పొడి సెగ ఎక్కువ. విజయవాడ బంధువులు ఫలానా ఏసీ బాగుందన్నారని అదే కొనేసేవాళ్లు ఈ తేడాను పట్టించుకోరు. తీరప్రాంతంలో ఏసీ శక్తిలో గణనీయమైన భాగం గాలిలోని తేమను నీటిచుక్కలుగా రాల్చడానికే ఖర్చవుతుంది. కొత్తచెరువులో ఆ పని చాలా తక్కువ. అందుకే ఇక్కడ ఎండాకాలంలో ఏసీ డ్రెయిన్ పైపు నుంచి కారే నీళ్లూ తక్కువే.

డాలస్‌లోనో అట్లాంటాలోనో ఉన్న పిల్లల దగ్గర ఆరు నెలలు ఉండి వచ్చిన పెద్దలు మరో మాట అడుగుతుంటారు: అక్కడిలా ఇల్లంతా ఒకేసారి చల్లబడే ఏసీ ఇక్కడ పెట్టించుకోలేమా? అక్కడి ఇళ్లలో అటక మీదుగానో నేల కిందుగానో వెడల్పాటి గాలి గొట్టాలు వెళ్తాయి. వాటిని ఇల్లు కట్టేటప్పుడే అమరుస్తారు. మన స్లాబు ఇళ్లలో ఇప్పుడు అవి పెట్టాలంటే గది గదికీ ఫాల్స్ సీలింగ్ వేయాలి, గోడలు కోయాలి. పైగా ఆ గొట్టాలు అటకలాంటి వేడి చోట్ల నుంచి వెళ్తే, వాడే కరెంటులో 30 శాతానికి పైగా దారిలోనే వృథా కావచ్చని అమెరికా ఇంధన శాఖే చెబుతోంది.

స్ప్లిట్ ఏసీకి ఆ గొట్టాలతో పనిలేదు. గదిలో ఒక యూనిట్, బయట ఒక యూనిట్, రెండింటినీ కలిపే సన్నని రాగి పైపులు రెండు, గోడకు రెండు మూడు అంగుళాల రంధ్రం. మనుషులున్న గదికే చల్లదనం, ఆ గదికే ఖర్చు.

అయితే షాపుకు వెళ్లేముందు తల ఎత్తి ఇంటి కప్పు చూడాలి. దూలాలు, దంతెల మీద చవుడు మట్టి వేసిన పాత మిద్దెలో మందపాటి మట్టి, రాతిగోడలు ఎండను చాలాసేపు ఆపుతాయి. ఆర్‌సీసీ స్లాబు పగలంతా వేడిని తాగి రాత్రి గదిలోకి వదులుతుంది. ఈ ఎత్తు ప్రాంతంలో రాత్రి బయట చల్లగాలి వీస్తున్నా, లోపల మంచం మీద పడుకున్నవాళ్లకు పైనుంచి సెగ తగిలేది అందుకే. రేకుల ఇల్లు ఇంకో బాధ: ఎండ తగిలిన కాసేపటికే కాలిపోతుంది. రేకుల కింద ఫాల్స్ సీలింగ్ లేకుండా ఏసీ పెడితే, యంత్రం ఆగకుండా తిరుగుతుందే తప్ప గది చల్లబడదు.

కప్పు మీద తెల్లటి సున్నం గానీ, ఎండను తిప్పికొట్టే కూల్ రూఫ్ పెయింట్ గానీ వేయడం చౌకైన మందు. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసమే అయిదేళ్ల కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. తెల్లకప్పు వేశాక ఒక వేసవి వారం గమనించి అప్పుడు ఏసీ సైజు నిర్ణయించుకుంటే, ఒకటిన్నర టన్ను అనుకున్న గదికి ఒక టన్ను సరిపోయే అవకాశం ఉంది.

కూలర్‌ను కూడా తీసిపారేయకూడదు. పొడిగాలిలోనే అది బాగా పనిచేస్తుంది. ఆ లెక్కన దేశంలో కూలర్‌కు అనువైన ఊళ్లలో ఇదొకటి. చిక్కల్లా నీళ్లతోనే. ఒక లీటరు నీరు ఆవిరైతే, కరెంటు లెక్కలో చెప్పాలంటే, సుమారు 0.67 యూనిట్ల వేడిని పట్టుకుపోతుంది. అంటే ఒక టన్ను ఏసీ గంటలో తీసే సుమారు 3.5 యూనిట్ల వేడిని కూలర్ తీయాలంటే అయిదు లీటర్లకు పైగా నీరు కావాలి. రాత్రంతా ఎనిమిది గంటలంటే 40 లీటర్లు దాటుతుంది. 1990లలో సత్యసాయి ట్రస్టు తాగునీటి పథకం వచ్చేదాకా బిందెడు మంచినీళ్లకు మైళ్లు నడిచిన పల్లెలున్న జిల్లాలో ఇది చిన్న లెక్క కాదు. బోరు నీళ్లు పోస్తే ప్యాడ్ల మీద తెల్లగా ఉప్పు పేరుకుని గాలి ఆడదు. నీటికి ఇబ్బంది లేని ఇంటికి కూలర్ చాలు. బోరు ఎండే ఇంటికి, ఉబ్బసం రోగులో పసిపిల్లలో ఉండి దుమ్ముగాలికి కిటికీ తీయలేని గదికి, స్ప్లిట్ ఏసీ మేలు.

టన్ను అంటే బరువు అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఒక టన్ను మంచు 24 గంటల్లో కరగడానికి ఎంత వేడి కావాలో, అంత వేడిని గదిలోంచి తీసే సామర్థ్యం అది, సుమారు 3.5 కిలోవాట్లు. పది బై పన్నెండు గదికి సాధారణంగా ఒక టన్ను చాలు. 150 నుంచి 180 చదరపు అడుగుల గదికి, లేదా పడమటి ఎండ పడే పైఅంతస్తు గదికి ఒకటిన్నర టన్ను చూడాలి.

తర్వాత స్టార్ లేబుల్. నక్షత్రాల కంటే దాని మీద అచ్చువేసిన యూనిట్లను చదవాలి: ఏడాదికి 1,600 గంటలు వాడితే ఎంత కరెంటు కాలుతుందో అక్కడ ఉంటుంది. కొలమానాన్ని ప్రభుత్వం మధ్యమధ్యలో బిగిస్తుంది కాబట్టి లేబుల్ ఏ సంవత్సరానిదో కూడా చూడాలి. గోదాములో మిగిలిన పాత అయిదు నక్షత్రాల ఏసీ, కొత్త లెక్కలో నాలుగో మూడో కావచ్చు.

బిల్లు ఎలా పెరుగుతుందో ఒక ఉదాహరణ. 2022 ఆగస్టు నుంచి రాష్ట్రంలో అమలైన గృహ టారిఫ్‌లో 126 నుంచి 225 యూనిట్ల దాకా యూనిట్‌కు 6 రూపాయలు, 226 నుంచి 400 దాకా 8.75 రూపాయలు. నెలకు 150 యూనిట్లు వాడే ఇంట్లో ఏసీ వల్ల మరో 150 తోడైతే, వాటిలో 75 యూనిట్లు ఆరు రూపాయల స్లాబులో, మిగతా 75 పై స్లాబులో పడతాయి. ఇతర చార్జీలు కలపకుండానే సుమారు 1,100 రూపాయల అదనం. కాబట్టి రోజూ రాత్రి వాడే గదికి అయిదు నక్షత్రాల ఇన్వర్టర్ ఏసీ తన అధిక ధరను రాబట్టుకుంటుంది. చుట్టాలొచ్చినప్పుడు మాత్రమే వేసే గదికి మూడు నక్షత్రాలది చాలు.

ఏసీ సామర్థ్యాన్ని బయట 35 డిగ్రీలున్నట్టు లెక్కించి పరీక్షిస్తారు. మే నెలలో బయట 41, 42 ఉన్నప్పుడు అదే యంత్రం తక్కువ చల్లబరుస్తుంది, ఎక్కువ కరెంటు తాగుతుంది. అంత వేడిలో ఎంత పనిచేస్తుందో దుకాణంలో అడగాలి. అవుట్‌డోర్ యూనిట్‌ను పడమటి గోడకు కాకుండా ఉత్తరానికో తూర్పుకో బిగించాలి. నీడ కోసం దాన్ని చుట్టూ మూసేస్తే, వదిలిన వేడిగాలినే మళ్లీ పీల్చుకుంటుంది. సాయంత్రం లో వోల్టేజీ వచ్చే వీధుల్లో కంపెనీ చెప్పిన కనిష్ఠ వోల్టేజీ చూసుకుని, అవసరమైతే స్టెబిలైజర్ పెట్టాలి. ఎర్తింగ్ సరిచేయించి, కనెక్షన్ లోడు కూడా పెంచుకోవాలి.

ఇక బిగించే రోజు ఇంటివాళ్లు పక్కనే నిలబడాలి. పైపులు కలిపాక మెకానిక్ వ్యాక్యూమ్ పంపు పెట్టి లోపలి గాలిని, తేమను పూర్తిగా లాగేయాలి. గేజి ముల్లు సున్నా కిందికి దిగి, పంపు ఆపినా కదలకుండా నిలబడితే లీకు లేనట్టు. దీనికి పావుగంటో ఇరవై నిమిషాలో పడుతుంది. తొందరలో ఉన్నవాళ్లు పంపు తేకుండా కాస్త గ్యాస్ వదిలి గాలిని తోసేస్తారు. లోపల మిగిలిన తేమ కంప్రెసర్‌ను తినేస్తుంది. ఇప్పటి ఏసీల్లో ఎక్కువగా వాడే ఆర్-32 గ్యాస్‌కు కొద్దిగా మండే గుణం ఉంది కాబట్టి, ఆ పద్ధతి ప్రమాదం కూడా. రాతిగోడకు రంధ్రం వేసేటప్పుడు బయటివైపు కాస్త వాలు ఉండాలి, లేకపోతే నీళ్లు గదిలోకి కారతాయి.

2025 సెప్టెంబరు 22 నుంచి ఏసీలపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. డైకిన్, బ్లూస్టార్ వంటి కంపెనీలు తిరుపతి జిల్లా శ్రీసిటీలోనే ఏసీలు తయారు చేస్తున్నాయి. పగలు కూడా ఏసీ వాడాల్సిన ఇంటికి పీఎం సూర్యఘర్ పథకం పనికొస్తుంది. 3 కిలోవాట్ల సోలార్‌కు కేంద్రం 78,000 రూపాయల రాయితీ ఇస్తుంది. పలకలు పరిచిన మేర మిద్దెకు నీడ కూడా దొరుకుతుంది. కొనే పని ఫిబ్రవరిలోనే ముగించుకుంటే మంచిది. మార్చి దాటితే మంచి మెకానిక్‌లు తీరిక లేకుండా తిరుగుతుంటారు, వ్యాక్యూమ్ పంపు పెట్టమని అడిగినా ఆగే ఓపిక వాళ్లకు ఉండదు.