పంచెమాటు వ్యాధి

ఉద్దానపు సీమలో క్రియాటినిన్ అను మాట నేడు రచ్చబండ మాటయైనది. ఇచ్ఛాపురము మొదలుకొని వజ్రపుకొత్తూరు వరకు మూత్రపిండముల వ్యాధి పేరెఱుగని గ్రామము లేదు. 2023 డిసెంబరులో పలాసయందు ఆ వ్యాధికై 200 పడకల ఆసుపత్రియు ప్రారంభమైనది. రక్తపరీక్ష ఫలితమును పదుగురిలో చెప్పుకొనుటకు సంకోచింపని యీ సీమలోనే మఱియొక వ్యాధిని మగవారు పంచెకట్టు మాటున ఏండ్ల తరబడి దాచుకొనుచున్నారు.

జనులు దానిని బుడ్డ యందురు. వైద్యులు వరిబీజ మందురు. వృషణముల చుట్టునున్న పొరలలో నీరు చేరి సంచి యుబ్బును. బరువు లెత్తుటచే వచ్చినదని కొందఱు, తండ్రికుండెను గావున కొడుకునకు వచ్చినదని కొందఱు చెప్పుదురు. తండ్రికొడుకు లొకే యింట నొకే దోమలచే కుట్టించుకొనుట వారి దృష్టికి రాదు. శ్రీకాకుళము జిల్లా ఫైలేరియా జిల్లాలలో నొకటి. మురుగునీట పెరుగు దోమ యా క్రిమిని మోయును. బోదకాలు నిచ్చునదియు నా క్రిమియే.

అయినను ఆ క్రిమి మొట్టమొదట కాన్పించినది కాలివాపులో గాదు. 1863లో పారిస్ నగరమున దెమార్కే యను శస్త్రవైద్యుడు హవానానుండి వచ్చిన యొక పురుషుని వరిబీజపు నీటిలోనే దాని పిల్లలను జూచెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము ఫైలేరియా వలన అవయవములు వాచినవారు కోటిన్నర. వరిబీజముగల పురుషులు రెండున్నర కోట్లు. కాలు కంటికి గనబడును గావున వ్యాధికి బోదకాలని పేరు వచ్చినది. అధిక సంఖ్యాకుల బాధకు పేరే దక్కలేదు!

2004 నుండి ఏటేట పంచిపెట్టుచున్న మాత్రలు క్రిమి వ్యాప్తిని అరికట్టును గాని నిండిన సంచిని తీసివేయజాలవు. సూదితో నీరు లాగినను అది మరల చేరును. అపరిశుభ్రమైన సూదియైనచో చీము పట్టును. స్వల్ప శస్త్రచికిత్సయే దానికి తగిన మార్గము. కొద్ది వారములలో రోగి పనికి బోవచ్చును. కత్తి పడిన మగతనము పోవునను భయమునకు ఆధారము లేదు. కొబ్బరిచె ట్టెక్కలేక, దూరదేశపు కూలికి బోలేక ఇంట గూర్చున్నవాని నష్టమును గణించువా రెవ్వరు? మన కళ్లములయం దట్టివాని నడకను జూచి నవ్వు భూస్వాములను మాత్ర మీ రచయిత చూచియున్నాడు. ఆ నవ్వునకు జంకియే పాలికాపు సెలవడుగక దాచుకొనును.

ప్రతి వాపును వరిబీజమే యనుకొనుటయు ప్రమాదము. పదునైదు మొదలు నలుబది యేండ్లలోపు వారికి వృషణముననే నొప్పిలేని గట్టి గడ్డ పుట్టినచో అది పుట్టకురుపు కావచ్చును. 1974లో అమెరికాలో ఐన్‌హార్న్ అను వైద్యుడు సిస్‌ప్లాటిన్ తో చికిత్స నారంభించిన పిమ్మట అది మిక్కిలి కుదురు పుట్టకురుపులలో నొకటియైనది. సకాలమున వచ్చినవారిలో నూటికి తొంబదిమందికి మించి బ్రతుకుచున్నారు. ఇక బాలునకు హఠాత్తుగా తీవ్రమైన నొప్పి పుట్టినచో వృషణము మెలివడి రక్తప్రసారము నిలిచియుండవచ్చును. ఆరు గంటలలో శస్త్రవైద్యుని చేర్చవలయును. తల్లి యడిగిన సిగ్గుచే కడుపునొప్పి యని చెప్పు పిల్లవాడు ఆ గంటలను పోగొట్టుకొనును. తండ్రియే తలుపు మూసి యడుగుట మేలు.

టెక్కలి, శ్రీకాకుళములలో ప్రభుత్వ వైద్యశాల లున్నవి. ఇచ్ఛాపురమువారికి సరిహద్దు దాటిన బరంపురమున వైద్యకళాశాల ఆసుపత్రి మిక్కిలి చేరువ. వైద్యుడు మొదట చీకటి చేసి వాపు వెనుక చిన్న దీపము పట్టును. నీరైనచో ఎఱ్ఱగా వెలుగును. గట్టి గడ్డయైనచో వెలుగు చొరదు. సందేహమున్న స్కానింగు చేయించును. ఆ దీపపు పరీక్షకు రెండు నిమిషములు చాలును. గదిలో మూడవవా డుండ నక్కఱలేదు.