డబ్బా వెనుక నంబరు: ఖరీదైన కారుకు ఇంజిన్ ఆయిల్

ఇంజిన్ ఆయిల్ అనగానే రాపిడి తగ్గించే ద్రవంగానే చాలామందికి తెలుసు. మెర్సిడెస్, బీఎండబ్ల్యూ, ఆడి వంటి కార్ల ఇంజిన్లలో దాని పని అంతకంటే చాలా ఎక్కువ. టర్బోఛార్జర్ ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. అది తేలియాడేది పల్చటి ఆయిల్ పొర మీదే. పిస్టన్ల కింది భాగాన్ని చల్లబరిచేది కింద నుంచి చిమ్మే ఆయిల్. వాల్వులు ఎప్పుడు తెరుచుకోవాలో మార్చే యూనిట్లు, టైమింగ్ చైన్‌ను బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ కూడా ఆయిల్ ఒత్తిడితోనే పనిచేస్తాయి. బీఎండబ్ల్యూ బీ48, బీ58 ఇంజిన్లలో ఆ చైన్ గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. అది అరిగితే గేర్‌బాక్స్‌నో, మొత్తం ఇంజిన్‌నో దించితే తప్ప దాని జోలికి వెళ్లలేరు. ఇలాంటి బండిలో ఆయిల్ మీద మిగిల్చే డబ్బు ఎంత చిన్నదో, మరమ్మతు బిల్లు చూశాక గానీ తెలియదు.

డబ్బా ముందు పెద్ద అక్షరాలతో 5డబ్ల్యూ-30, 0డబ్ల్యూ-40 అని రాసి ఉండేది ఆయిల్ చిక్కదనం. డబ్ల్యూ అంటే చలికాలం. 5డబ్ల్యూ ఆయిల్‌ను మైనస్ 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర, 0డబ్ల్యూ ఆయిల్‌ను మైనస్ 35 దగ్గర పరీక్షిస్తారు. అంత చలిలోనూ ఇంజిన్ తిరిగేంత పల్చగా ఉంటేనే ఆ గుర్తు దక్కుతుంది. గీత తరవాతి అంకె 100 డిగ్రీల దగ్గర చిక్కదనాన్ని చెబుతుంది. 30 అంటే 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్సు, 40 అంటే 12.5 నుంచి 16.3. అంకె పెరిగిన కొద్దీ వేడిలో ఆయిల్ అంత చిక్కగా నిలుస్తుందన్న మాట.

‘మనది వేడి దేశం, మంచెక్కడ పడుతుంది, 0డబ్ల్యూ ఎందుకు దండగ? చిక్కటి 20డబ్ల్యూ-50 పోస్తే ఇంజిన్ నిలుస్తుంది’ అనే మాట షెడ్డుల్లో తరచూ వినిపిస్తుంది. రెంటచింతలలో, రామగుండంలో బయట 45 డిగ్రీలు ఉన్నా బాగా పరిగెత్తిన ఇంజిన్‌లో ఆయిల్ వేడి 100 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది. ఇంజిన్ వేడిని ఒక స్థాయిలో నిలపడానికే థర్మోస్టాట్, రేడియేటర్, ఆయిల్ కూలర్ ఉన్నాయి. అసలు ఇబ్బంది పొద్దున్నే తాళం తిప్పినప్పుడు. 25 డిగ్రీల దగ్గర ఏ ఆయిలైనా వేడెక్కినప్పటి కంటే పదింతలో, ఇంకా ఎక్కువో చిక్కగా ఉంటుంది. పల్చటిది టర్బోకూ క్యామ్‌షాఫ్ట్‌కూ త్వరగా చేరుతుంది, చిక్కటిది ఆలస్యంగా చేరుతుంది. సన్నటి ఆయిల్ దారులున్న ఇంజిన్‌లో ఆ తొలి క్షణాల్లోనే అరుగుదల ఎక్కువ. మంచు పడని ఊళ్లో కూడా 0డబ్ల్యూకు పని ఉన్నది అందుకే.

అయితే చిక్కదనం అంకె చూసి ఆయిల్ కొనేస్తే సగం పనే అయినట్టు. రెండు డబ్బాల మీదా 5డబ్ల్యూ-30 అనే ఉండవచ్చు, లోపలి సరుకు మాత్రం వేరు. బేరింగుల మధ్య నలిగేటప్పుడు ఆయిల్ పొర ఎంత బలంగా నిలుస్తుందో చూడటానికి 150 డిగ్రీల దగ్గర, ఆయిల్ పొరలు ఒకదాని మీద ఒకటి అతి వేగంగా జారే స్థితిలో ఇంకో పరీక్ష చేస్తారు. 30 గ్రేడుకు అందులో 2.9 మిల్లీపాస్కల్ సెకన్లు వస్తే చాలు. యూరప్ కార్ల తయారీదారుల సంఘం పెట్టిన సీ3 అనే తరగతికి కనీసం 3.5 ఉండాలి. ఈ తేడా డబ్బా ముందు ఎక్కడా కనిపించదు.

అందుకే చూడాల్సింది డబ్బా వెనుక చీటీ. అక్కడ చిన్న అక్షరాలతో కంపెనీల ఆమోద నంబర్లు ఉంటాయి. మెర్సిడెస్‌కు ఎంబీ 229.5, 229.51, 229.52, కొత్త ఇంజిన్లకు 229.71. బీఎండబ్ల్యూకు లాంగ్‌లైఫ్-01, లాంగ్‌లైఫ్-04, లాంగ్‌లైఫ్-17 ఎఫ్ఈ ప్లస్. ఆడి, ఫోక్స్‌వ్యాగన్ కుటుంబానికి 502 00, 504 00/507 00, 508 00/509 00. పోర్షాకు ఏ40, సీ30, సీ20. ఒక్కో నంబరు వెనుక ఆ కంపెనీ తన సొంత ఇంజిన్ల మీద చేయించిన పరీక్షలు ఉంటాయి: చైన్ ఎంత అరిగింది, పిస్టన్ మీద ఎంత మడ్డి పట్టింది, నెలల తరబడి వాడాక చిక్కదనం నిలిచిందా అన్నవి. ఏ కారుకు ఏ నంబరు కావాలో యజమాని పుస్తకంలో రాసే ఉంటుంది. ఆ పుస్తకాన్ని చాలామంది గ్లవ్ బాక్స్‌లోంచి ఒక్కసారైనా బయటికి తీయరు.

ఆ చీటీ మీద మాటల్లో కిటుకు ఉంది. ‘ఎంబీ అప్రూవల్ 229.5’ అని ఉంటే మెర్సిడెస్ ఆ ఆయిల్‌ను పరీక్షించి ఒప్పుకుందని అర్థం. ‘ఎంబీ 229.5 కోరే కార్లకు సిఫార్సు’ అని ఉంటే ఆ మాట ఆయిల్ కంపెనీది మాత్రమే. సిఫార్సు ఆయిల్ చెడ్డదని చెప్పలేం, కానీ దానికి కారు కంపెనీ పూచీ లేదు. వారంటీలో ఉన్న బండికి ఇది చిన్న విషయం కాదు.

నంబరు పెద్దదైతే ఆయిల్ మేలైనదనే లెక్క కూడా ఇక్కడ చెల్లదు. 508 00 ఆయిల్ 0డబ్ల్యూ-20 రకం, బాగా పల్చన. ఇట్టే గుర్తుపట్టేందుకు దానికి ఆకుపచ్చ రంగు కలుపుతారు. అది తన కోసం తయారైన ఇంజిన్లకే పనికొస్తుంది. పాత ఆడిలో 502 00 పోయాల్సిన చోట, కొత్తది, ఖరీదైనది కదా అని దీన్ని పోస్తే బేరింగులకు చాలినంత పొర దొరకదు.

ఈ నంబర్లు ఇన్ని ఉండటానికి ముఖ్య కారణం బూడిద. ఆయిల్‌లో మడ్డిని కడిగే కాల్షియం, మెగ్నీషియం లవణాలు, అరుగుదల ఆపే జింక్ సమ్మేళనాలు కలుపుతారు. కొద్దిగా ఆయిల్ కాలినప్పుడు ఇవి బూడిదై పొగగొట్టంలోని ఫిల్టర్‌లో చేరతాయి. డీజిల్ మసిని ఫిల్టర్ తనంతట తాను కాల్చేసుకుంటుంది, బూడిద మాత్రం కాలదు. ఏళ్ల తరబడి పేరుకుని ఫిల్టర్‌ను మూసేస్తుంది. దాన్ని మార్చడం ఖరీదైన పని. ఫిల్టర్ ఉన్న డీజిల్ కార్లకు 229.51, 229.52, లాంగ్‌లైఫ్-04, 507 00 వంటి తక్కువ బూడిద ఆయిళ్లు చెప్పింది అందుకే.

తక్కువ బూడిద ఆయిల్‌లో ఆమ్లాన్ని విరిచే శక్తి కూడా కొంత తగ్గుతుంది. ఇంధనంలో గంధకం ఎక్కువగా ఉన్నచోట ఆ శక్తి త్వరగా అయిపోతుంది. బీఎండబ్ల్యూ ఒకప్పుడు పెట్రోల్ ఇంజిన్లలో లాంగ్‌లైఫ్-04ను యూరప్‌లో మాత్రమే అనుమతించింది ఈ లెక్కనే. భారత్‌లో బీఎస్-4 ఇంధనంలో గంధకం పది లక్షల భాగాల్లో 50 వరకు ఉండేది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 వచ్చి అది 10కి తగ్గింది. ‘మన డీజిల్‌కు ఆ ఆయిల్ పడదు’ అన్న పాత సలహాకు ఇప్పుడు కాలం చెల్లింది.

సింథటిక్ అన్న మాట దగ్గర ఎక్కువసేపు ఆగనక్కర్లేదు. పూర్వం రసాయనికంగా కూర్చిన పీఏఓ నూనెలనే సింథటిక్ అనేవారు. అమెరికాలో 1999లో ఒక ప్రకటనల వివాదం తేలాక, ముడిచమురును గట్టిగా శుద్ధి చేసి తీసిన గ్రూప్-3 నూనెలకూ ఆ పేరు చెల్లింది. డబ్బా మీద ‘ఫుల్ సింథటిక్’ అని ఉన్నంత మాత్రాన తెలిసేది తక్కువ. సరైన ఆమోద నంబరు ఉంటే ఆ నూనె ఏ రకానిదన్న చింత కొనేవాడికి అనవసరం.

ఇక ఎప్పుడు మార్చాలన్నది. భారత్‌లో మెర్సిడెస్, ఆడి వంటి కార్లకు 15,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది అన్నది మామూలు లెక్క. బీఎండబ్ల్యూ కార్లలో ఎంత దూరం, ఎలా నడిచిందో కంప్యూటర్ చూసుకుని తెరమీద గడువు చూపిస్తుంది. యూరప్‌లో ఫోక్స్‌వ్యాగన్ కుటుంబపు లాంగ్‌లైఫ్ పద్ధతిలో ఇది 30,000 కిలోమీటర్లు, రెండేళ్ల దాకా సాగుతుంది. ఇంత పొడవు గడువు పుట్టడానికి లీజు కార్ల లెక్కలూ ఒక కారణం. మూడేళ్లు నడిపి తిరిగి ఇచ్చేసే కారుకు సర్వీసు ఖర్చు తక్కువగా కనిపించడం ముఖ్యం. పదో ఏడాదిలో దాని చైన్ సంగతి ఆ లీజుదారుకు పట్టదు.

గడువు, ఆయిల్ రకం రెండూ జతగా నడవాలని చెప్పే పాఠం అమెరికాలో కోర్టుకెక్కింది. 1990ల చివర మెర్సిడెస్ అక్కడి కార్లలో గడువును కంప్యూటరే లెక్కగట్టే పద్ధతి పెట్టింది. అంత పొడవు గడువుకు సింథటిక్ ఆయిల్ కావాలి. ఆ సంగతి తమకు సరిగ్గా చెప్పలేదని, మామూలు ఆయిల్ పోయడంతో ఇంజిన్లలో మడ్డి పట్టిందని 1998-2001 మోడళ్ల యజమానులు దావా వేశారు. పెన్సిల్వేనియాలోని ఫెడరల్ కోర్టు 2003లో రాజీని ఆమోదించింది. బీఎండబ్ల్యూ ఎన్63 వీ8 ఇంజిన్‌ది ఇంకో కథ. దాని టర్బోలు రెండు సిలిండర్ వరసల మధ్య లోయలో ఉంటాయి, అక్కడ వేడి విపరీతం. ఆయిల్ తాగుతోందన్న ఫిర్యాదులు పెరిగాక 2014లో కంపెనీ అమెరికాలో గడువును 15,000 మైళ్ల నుంచి 10,000 మైళ్లకు, రెండేళ్ల నుంచి ఏడాదికి దించింది. గడువు దైవవాక్కు కాదని కంపెనీయే ఒప్పుకున్నట్టయింది.

కిలోమీటర్ల లెక్క సులువు కాబట్టే అందరూ దాన్ని పట్టుకుంటారు. ఆయిల్‌కు తెలిసేది గంటలు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద సగటున 75 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు 15,000 కిలోమీటర్లను 200 గంటల్లో పూర్తి చేస్తుంది. పంజాగుట్ట, మాదాపూర్ల మధ్య గంటకు 20 కిలోమీటర్ల సగటుతో పాకే కారుకు అదే దూరానికి 750 గంటలు పడుతుంది. మీటరు మీద రెండూ ఒకటే, ఆయిల్ మాత్రం ఒకటి కాదు. నగరంలోనే తిరిగే కారుకు 7,500 నుంచి 10,000 కిలోమీటర్ల దగ్గర మార్చడం అతి జాగ్రత్త అనిపించుకోదు.

అంతకన్నా చెరుపు చేసేవి పొట్టి ప్రయాణాలు. పిల్లల్ని మూడు కిలోమీటర్ల దూరంలోని బడి దగ్గర దింపి వచ్చే కారులో ఆయిల్ వేడెక్కనే వేడెక్కదు. ఇంజిన్‌లో చేరిన తేమ, సిలిండర్ గోడల వెంట జారిన పెట్రోలు ఆవిరై పోవడానికి వీలుండదు. ఆయిల్ పోసే మూత విప్పితే లోపల మీగడ రంగులో జిగురు కనిపించడం దీని గుర్తే. డీజిల్ కారులోనైతే ఫిల్టర్‌లోని మసిని కాల్చడానికి అదనంగా చిమ్మిన డీజిల్ కొంత ఆయిల్‌లో కలుస్తుంది. ఆ పని మధ్యలో ఇంజిన్ ఆపేయడం పరిపాటైతే ఆయిల్ మట్టం తగ్గకపోగా పెరుగుతుంది. మట్టం పెరిగిందంటే సంతోషించకూడదు, పల్చబడిందని అర్థం. ఇలాంటి బండి ఏడాదికి నాలుగు వేల కిలోమీటర్లే తిరిగినా ఏడాది నిండగానే ఆయిల్ మార్చక తప్పదు. నల్లబడటం మాత్రం లెక్క కాదు. డీజిల్ ఇంజిన్‌లో కొత్త ఆయిల్ రోజుల్లోనే నల్లబడుతుంది, మసిని తనలో పట్టి ఉంచుతున్నందుకే.

మట్టం చూడటం పాత కార్లలో తేలిక, పుల్ల తీసి గుడ్డతో తుడిచి చూస్తే సరిపోయేది. కొత్త బీఎండబ్ల్యూల్లో, ఆడీల్లో చాలావాటికి ఆ పుల్లే లేదు. ఇంజిన్ వేడెక్కాక, చదునైన నేల మీద బండి నిలిపి తెరమీద కొలవాలి. టర్బో ఇంజిన్లు కాస్త ఆయిల్ తాగడం మామూలే. తక్కువని చూపితే అదే ఆమోద నంబరున్న ఆయిల్ కొద్దికొద్దిగా పోయాలి. ఎక్కువ పోస్తే క్రాంక్‌షాఫ్ట్ దాన్ని చిలికి నురగ చేస్తుంది, నురగ బేరింగును కాపాడదు.

మార్చే పనిలో ఆయిల్ పరిమాణం చిన్న కార్లతో పోలిస్తే బాగా ఎక్కువ. బీ58 ఇంజిన్‌కు ఆరున్నర లీటర్లు పడుతుంది, మెర్సిడెస్ ఏఎంజీ వీ8కు దాదాపు తొమ్మిది. నాలుగు లీటర్ల డబ్బా ఒక్కటి తెచ్చి పని కానిచ్చేశారంటే అనుమానించాలి. ఆయిల్ ఫిల్టర్ కూడా ఆయిల్‌తో పాటే మారాలి. ఈ కార్లలో చాలావరకు ప్లాస్టిక్ మూత కింద ఉండే కాగితం ఫిల్టర్లే. మూత చుట్టూ ఉన్న రబ్బరు వలయాన్ని కూడా మార్చి, కొత్తదానికి ఆయిల్ రాసి బిగించాలి. ఎంత బలంతో బిగించాలో చాలా మూతల మీద అచ్చు వేసే ఉంటుంది, 25 న్యూటన్ మీటర్లని. బలమంతా పెట్టి బిగిస్తే మూత పగులుతుంది. పాత ఆయిల్ కార్చే కింది బోల్టు వాషర్ ఒక్కసారి నలగడానికే తయారైనది, పాతదే వేస్తే చుక్కలు మొదలవుతాయి.

పనిని కంపెనీ షోరూంలోనే చేయించాలా అన్నది వేరే ప్రశ్న. కాంపిటీషన్ కమిషన్ 2014లో 14 కార్ల కంపెనీల మీద ఇచ్చిన ఉత్తర్వులో, బయట రిపేరు చేయించినంత మాత్రాన వారంటీ రద్దు చేయరాదని చెప్పింది. ఆ ఉత్తర్వు మీద అప్పీళ్లు నడిచాయి. ఆచరణలో వారంటీ ఉన్నన్నాళ్లు చాలామంది షోరూం దాటరు. బయట చేయించేవారు ఆయిల్‌ను నమ్మకమైన దుకాణంలో బిల్లుతో కొని, సీలు తమ ఎదుటే తీయించుకోవడం మేలు. ఖాళీ డబ్బాలు నకిలీ వ్యాపారానికి పనికిరాకుండా మూతి కోసి పారేయించాలి. బిల్లు మీద తేదీ, మీటరు రీడింగు, ఆయిల్ పేరు, ఆమోద నంబరు, ఎన్ని లీటర్లు పోశారన్నది రాయించుకోవాలి. ‘ఇంజిన్ ఆయిల్ - 1’ అని మాత్రమే ఉన్న బిల్లు వారంటీ తగాదాలోనూ, రేపు బండి అమ్మేటప్పుడూ ఎందుకూ పనికిరాదు.