వేలిముద్ర వేసే ముందు అడగాలి

నాగర్‌కర్నూల్: ఆపరేషన్ అంటే పల్లెల్లో నేటికీ భయమే. ఎందుకు కోస్తున్నారో, ఏం తీస్తున్నారో, తిరిగి పొలం పనికి ఎన్నాళ్లకు పోవచ్చో తెలియకుండానే చాలామంది ఆపరేషన్ బల్ల ఎక్కుతున్నారు. చూపిన చోట వేలిముద్ర వేస్తే తమ పని అయిపోయిందనుకుంటున్నారు. "డాక్టరు దేవుడి లాంటివాడు, ఎదురు ప్రశ్న వేస్తామా?" అన్న మొహమాటమే ఇందుకు కారణం. అడగడం తప్పు కాదు, రోగి హక్కు.

వేలిముద్ర వేసే ఆ కాగితం అంగీకార పత్రం. జబ్బు ఏమిటి, చేసే ఆపరేషన్ ఏమిటి, దానివల్ల మేలెంత, ప్రమాదమెంత, మందులతో నయమయ్యే దారి ఉందా అన్నవి చెప్పిన తరువాతే దానిపై సంతకం తీసుకోవాలి. 2008 జనవరి 16న సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చి చెప్పింది. ఢిల్లీలో ఒక మహిళకు పరీక్ష కోసమని మత్తు ఇచ్చి, తల్లి ఒప్పుకున్నదని గర్భసంచి, అండాశయాలు తీసివేశారు. పరీక్షకు ఇచ్చిన అంగీకారం ఆపరేషన్‌కు చెల్లదని, ప్రాణాపాయం ఉంటే తప్ప రోగిని అడగకుండా అలా చేయరాదని కోర్టు తీర్పు చెప్పింది. గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. కాబట్టి ఈ తీర్పు మన మహిళలందరూ తెలుసుకోవాలి.

ఆరోగ్యమిత్రను కలవాలి

ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1న మొదట మూడు జిల్లాల్లోనే మొదలయింది. అందులో మహబూబ్‌నగర్ ఒకటి. నాగర్‌కర్నూల్ అప్పుడు ఆ జిల్లాలోనే ఉండేది. చదువురాని రోగికి దారి చూపడానికి ఈ పథకంలో ఆరోగ్యమిత్రలను నియమించారు. చేర్పించడం, కాగితాలు పూర్తి చేయడం, డిశ్చార్జి తరువాత ఏం చేయాలో చెప్పడం వారి పని. తెలంగాణలో 2023 డిసెంబరు 9న ఈ పథకం పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచారు. డబ్బు సంగతి ఆరోగ్యమిత్రను అడగవచ్చు. జబ్బు సంగతి మాత్రం డాక్టరునే అడగాలి.

కారణం తెలిస్తే పాటిస్తారు

ఆపరేషన్ ముందు ఏమీ తినవద్దంటారు. ఎందుకో చెప్పకపోతే "పాపం, ఆకలితో ఉన్నాడు" అని ఇంటివారు చాటుగా చాయ్, బిస్కట్లు ఇస్తారు. మత్తులో ఉన్నప్పుడు కడుపులోని ఆహారం పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు. ఈ ఒక్కమాట చెబితే ఎవరూ ఆ పని చేయరు. బీపీకి, షుగరుకు, గుండెకు రోజూ వేసుకునే మాత్రలుంటే డాక్టరుకు చూపించాలి. వేటిని ఆపాలో, వేటిని వేసుకోవాలో ఆయనే చెబుతారు.

ఆపరేషన్ తరువాత పప్పు తింటే చీము పడుతుందని చాలా ఊళ్లలో రోగికి కారం అన్నమే పెడతారు. ఇది అపోహ. పుండు మానడానికి పప్పు, గుడ్డు, పాలలోని మాంసకృత్తులు అవసరం. డాక్టరు ప్రత్యేకంగా వద్దంటే తప్ప వాటిని మానకూడదు. నొప్పి తగ్గిందని మందులు మధ్యలో ఆపడమూ పొరపాటే. కుట్ల వద్ద ఎరుపు, వాపు, చీము, దుర్వాసన కనిపించినా, జ్వరం వచ్చినా మళ్లీ చూపించుకునే తేదీ దాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి పోవాలి.

ఇంటికి పోయే ముందు

ఏ మాత్ర ఎప్పుడు, ఎన్ని రోజులు? కుట్లు ఎప్పుడు తీస్తారు? స్నానం ఎప్పుడు చేయవచ్చు? బరువు ఎప్పుడు ఎత్తవచ్చు? మళ్లీ ఎప్పుడు రావాలి? ఈ ఐదూ అడిగి, విన్నది డాక్టరుకో, నర్సుకో తిరిగి అప్పజెప్పాలి. పొరపాటుగా అర్థమైతే వారు అక్కడే సరిదిద్దుతారు. చదువు వచ్చిన మనిషిని ఒకరిని వెంట తీసుకుపోవడం మంచిది. వైద్య నిబంధనల ప్రకారం కేసు కాగితాలు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. వాటిని భద్రపరచుకోవాలి.

2022 నవంబరులో నాగర్‌కర్నూల్, వనపర్తి పట్టణాల్లో వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. పెద్ద డాక్టర్లు దగ్గరికి వచ్చారు. వారు రెండు నిమిషాలు ఆగి తేట తెలుగులో చెప్పాలి, రోగులు జంకు విడిచి అడగాలి. అప్పుడే చేసిన వైద్యం ఫలిస్తుంది.