డిజిటల్ చిత్రానికి టెక్స్చర్ జోడించడం

కాగితం మీద నీటిరంగులు వేసేటప్పుడు కుంచెకు గరుకు తగులుతుంది. కాన్వాసు మీద పోగుల అల్లిక రంగులోంచి కనిపిస్తుంది. కంప్యూటర్ తెరకు ఈ గుణం లేదు. అందువల్ల డిజిటల్ చిత్రకారుడు దానిని విడిగా కల్పించుకోవాలి. ఆ పద్ధతిని, ఉచితంగా లభించే గింప్ సాఫ్ట్‌వేర్ ఆధారంగా ఈ భాగంలో తెలుసుకుందాం.

సూత్రం

తెర మీద నిజమైన ఎత్తుపల్లాలు ఉండవు; వెలుగునీడలే ఉంటాయి. బంప్ మ్యాప్ అనే ఫిల్టర్‌కు మనం ఒక నమూనా చిత్రాన్ని ఇస్తాం. స్కాన్ చేసిన తెల్ల ఖద్దరు గుడ్డ ఇందుకు చక్కగా పనికివస్తుంది. అందులోని తెల్లని చోట్లను ఎత్తులుగా, నల్లని చోట్లను పల్లాలుగా ఫిల్టర్ భావిస్తుంది. పక్కపక్క పిక్సెళ్ల తేడాను బట్టి వాలును లెక్కగట్టి, వెలుగు వైపున్న వాలును ప్రకాశవంతం చేస్తుంది. అవతలి వాలును నీడగా మారుస్తుంది. అచ్చు పూల గుడ్డను నమూనాగా ఇస్తే పూలు కూడా గుట్టలుగా కనిపిస్తాయి. కారణం మీరే ఊహించగలరు.

వెలుగు వచ్చే దిక్కును అజిమత్, అది పడే ఎత్తును ఎలివేషన్, ఎత్తుపల్లాల తీవ్రతను డెప్త్ నిర్ణయిస్తాయి.

చేసే విధానం

1. చిత్రాన్ని ముందుగా తుది పరిమాణానికి తెచ్చుకోండి. తరువాత కుదిస్తే టెక్స్చర్ అలుక్కుపోతుంది.
2. పైన కొత్త లేయర్ చేర్చి, ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ 128గా ఉన్న బూడిద రంగుతో నింపండి.
3. ఫిల్టర్‌ను ఈ లేయర్‌కే వర్తింపజేయండి. చీకటిని సరిచేసే ‘కాంపెన్సేట్’ ఎంపికను ఆన్‌లో ఉంచండి.
4. లేయర్ మోడ్‌ను గ్రెయిన్ మెర్జ్‌గా మార్చి, ఒపాసిటీని తగ్గిస్తూ చూడండి.

గ్రెయిన్ మెర్జ్ రెండు లేయర్ల విలువలను కూడి 128 తీసివేస్తుంది. చిత్రంలో 100 ఉన్నచోట టెక్స్చర్ 148 అయితే ఫలితం 120. 108 అయితే 80. 128 అయితే మార్పు లేక 100. అసలు చిత్రం కింది లేయర్‌లో చెక్కుచెదరదు కనుక, ఎప్పుడైనా మనసు మార్చుకోవచ్చు.

కొలత

అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున ముద్రించే చిత్రంలో, అంగుళానికి 20 పోగుల గుడ్డ కావాలంటే ఒక్కో పోగుకు 15 పిక్సెళ్లు రావాలి. ఈ లెక్క తప్పితే కాన్వాసు గోనెపట్టాలా కనిపిస్తుంది.

జాగ్రత్తలు

చిత్రంలోని ముఖం మీద వెలుగు ఎడమ నుంచి పడుతూ, టెక్స్చర్ మీద కుడి నుంచి పడితే చూసేవారికి ఏదో తేడాగా అనిపిస్తుంది. రెండు దిక్కులూ ఒకటిగా ఉండాలి.

రెండవది ఇంకా ముఖ్యం. ఒకసారి నేను చేర్యాల శైలిలో వేసిన డిజిటల్ చిత్రానికి, అందంగా ఉంటుందని గుడ్డ నేత జోడించాను. అది తప్పు. చేర్యాల నకాషీ చిత్రకారులు గుడ్డకు చింతగింజల గంజి, సుద్దమట్టి కలిపి పూతలు పూసేది ఆ నేతను కప్పివేయడానికే. వారు శ్రమపడి మూసినదాన్ని నేను మీట నొక్కి తెరిచాను. టెక్స్చర్ అలంకారం కాదు. ‘ఈ చిత్రం ఫలానా వస్తువు మీద ఉంది’ అని మనం చెప్పే మాట. ఆ మాట నిజమేనా అని ముందు ప్రశ్నించుకోండి.

స్వయం పరీక్ష

1. చిత్రంలో 90, టెక్స్చర్ లేయర్‌లో 118 ఉంటే గ్రెయిన్ మెర్జ్ ఫలితం ఎంత? (జవాబు: 80)
2. మీ ఇంట్లోని ఒక సాదా గుడ్డను స్కాన్ చేసి, అది ఏ చిత్రానికి తగునో, దేనికి తగదో కారణాలతో రాయండి.