గేమింగ్ కంప్యూటర్ కొంటానంటున్నాడా? లిస్టు ముందు మీరు చూడండి!

ఫ్రిజ్ కొన్నా, గ్రైండర్ కొన్నా నాలుగు షాపులు తిరిగి, పక్కింటావిడని అడిగి, బిల్లు భద్రంగా దాచుకునే గృహిణి, కంప్యూటర్ దగ్గరికొచ్చేసరికి మాత్రం "వాడికే తెలుసులే" అని డబ్బు చేతికిచ్చేస్తుంది. పెద్ద పెద్ద ఆటలు ఆడే కంప్యూటరంటే లక్ష దాటిపోయే వ్యవహారం. పైగా దాన్ని టీవీలాగా ఒకే డబ్బాలో కొనరు. విడి భాగాలు ఏరి కూర్చుకుంటారు. ఒక్కటి జత కుదరకపోయినా మిగతా వాటి మీద పోసిన డబ్బు దండగే.

రాజంపేట వాళ్ళు ఈ సరుకు నాలుగు షాపుల్లో పోల్చి కొనాలంటే కామారెడ్డిలో రైలెక్కి సికింద్రాబాద్ వెళ్ళాలి. అక్కడ పార్క్‌లేన్‌లో అందరూ సీటీసీ అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్ నిండా కంప్యూటర్ దుకాణాలే. నూరు కిలోమీటర్ల పైన ప్రయాణం చేసి తెచ్చాక "ఇది దానికి పట్టదమ్మా" అంటే ఎలా ఉంటుంది? అందుకే లిస్టు ఇంట్లోనే తయారవ్వాలి.

ముందు తెర సంగతి తేల్చండి

ఎంతమందికి వండాలో తెలియకుండా గిన్నె ఎంచుకోం కదా! ఇక్కడా అంతే. మామూలు తెర మీద 1920 అడ్డంగా, 1080 నిలువుగా చుక్కలుంటాయి. 4కె తెర మీద దానికి సరిగ్గా నాలుగింతలు. మధ్యస్థంగా 2560, 1440 చుక్కల తెర ఒకటుంది. మొదటిసారి కొనేవాళ్ళకి 27 అంగుళాల్లో ఇది చక్కగా సరిపోతుంది. పాత తెరనే ఉంచుకుంటే ఖరీదైన కార్డు తెచ్చినా ఆ తేడా కంటికి ఆనదు.

డబ్బు ఎక్కడ పెట్టాలి?

బొమ్మని తెర మీద గీసేది గ్రాఫిక్స్ కార్డు. ఆటలకి ప్రాణం ఇదే. తెర కాక మిగిలిన ఖర్చులో మూడో వంతు నుంచి సగం దాకా దీనికే పోతుంది. 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 5070 టీఐ, ఆర్‌ఎక్స్ 9070 ఎక్స్‌టీ, రెండింటికీ 16 జీబీ సొంత మెమరీ ఉంది. ఇంకాస్త తక్కువలో కావాలంటే 12 జీబీ ఉన్న ఆర్‌టీఎక్స్ 5070 ఉంది.

ప్రాసెసర్ వంటమనిషైతే ర్యామ్ వంటగట్టు, ఎస్ఎస్‌డీ సామాన్ల అలమర. గట్టు ఇరుకైతే ఎంత మంచి వంటమనిషైనా తడబడతాడు. 32 జీబీ ర్యామ్ చాలు. అది ఒక్క ముక్కగా కాక 16 చొప్పున రెండు తీసుకోండి, వేగం పెరుగుతుంది. ఒక్కో ఆటే 100 జీబీ దాటుతోంది కాబట్టి ఎస్ఎస్‌డీ 1 టీబీకి తగ్గొద్దు. 2025 చివర్లో ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. పాత రేటు నమ్ముకుని బయల్దేరకండి.

జత కుదిరిందా?

కుక్కర్‌కి వేరే సైజు గాస్కెట్ పట్టనట్టే ప్రాసెసర్‌కి వేరే బోర్డు పట్టదు. ఉదాహరణకి రైజెన్ 7 7800 ఎక్స్‌3డీ తీసుకుంటే బోర్డు ఏఎం5 రకమే కావాలి, ర్యామ్ డీడీఆర్5 ఉండాలి. చౌకగా వచ్చిందని డీడీఆర్4 తెస్తే ఆ గాడిలో కూర్చోదు. కార్డు పొడవు కూడా టేపుతో కొలిచి, క్యాబినెట్‌లో పడుతుందో లేదో చూడమనండి.

పొదుపు చేయకూడనిది ఇదే

డబ్బు సరిపోకపోతే పిల్లలు ముందుగా కోత పెట్టేది పవర్ సప్లై మీద. అది కనపడదు, మెరవదు. రంగురంగుల లైట్లు మాత్రం కావాలంటారు! లైట్లు ఆటకి వేగమివ్వవు. నాసిరకం పవర్ సప్లై కాలితే తనతోపాటు బోర్డుని, కార్డుని కూడా తీసుకుపోవచ్చు. 5070 టీఐ ఒక్కటే 300 వాట్లు తాగుతుంది. దానికి 750 వాట్ల పవర్ సప్లై పెట్టమని కంపెనీయే చెబుతోంది. పేరున్న కంపెనీది, 80 ప్లస్ గోల్డ్ ముద్ర ఉన్నది తీసుకోండి.

మీ ఇల్లు సిద్ధమేనా?

కంప్యూటర్ రాకముందే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్ చూపించండి. ఎండాకాలం ఆ గుంతలో నీళ్ళు పోయడం మరవకండి. కరెంటు పోగానే టక్కున ఆరిపోకుండా యూపీఎస్ కావాలి. మామూలు 600 వీఏ యూపీఎస్ సుమారు 360 వాట్లే ఇస్తుంది, దీనికి చాలదు. కోతల కాలంలో ఎగిరే వరి దుమ్ము లోపలికి పోకుండా క్యాబినెట్‌కి కడుక్కునే జాలీ ఉండాలి.

ఇక బిల్లు. తెరతో కలిపి 500 వాట్లు వాడుతూ రోజుకి 3 గంటలు ఆడితే నెలకి 45 యూనిట్లు. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు వాడి సున్నా బిల్లు అందుకుంటున్న ఇల్లయితే, ఈ 45 కలిస్తే గీత దాటుతుందేమో ముందే లెక్క వేసుకోండి. దాటితే ఆ నెల బిల్లు మొత్తం కట్టాల్సిందే. ఆడే గంటలు ఎన్నో కొనకముందే మాట్లాడుకుంటే తర్వాత గొడవలుండవు.

షాపులో ప్రతి భాగానికీ సీరియల్ నంబరు వేసిన జీఎస్టీ బిల్లు అడగండి. ఖాళీ డబ్బాలు వారంటీ అయ్యేదాకా అటక మీద ఉంచండి. మీకు కంప్యూటర్ రాకపోయినా పర్వాలేదు. "ఏ తెరకి? ఏ బోర్డుకి ఏ ప్రాసెసర్? పవర్ సప్లై ఎవరిది, ఎన్ని వాట్లు? వారంటీ ఎన్నేళ్ళు?" అని ఈ నాలుగూ అడగండి. తడుముకోకుండా జవాబులు వస్తే డబ్బు ఇవ్వండి. తడబడితే ఇంకో వారం ఆగమనండి!