'జానపద' శబ్దము – అద్భుత కథలయందు దాని ప్రయోగము

తెలుగున 'జానపద' మను మాట నేడు రెండు దారుల నడచుచున్నది. దంపుళ్లపాటను, ఏలపాటను, జంగములు చెప్పు కథను మనము జానపద సాహిత్య మందుము. 1951లో వెలువడిన 'పాతాళభైరవి'ని జానపద చిత్ర మందుము. 1954 మొదలు 'చందమామ'లో దాసరి సుబ్రహ్మణ్యము గారు వ్రాసిన 'తోకచుక్క', 'మకరదేవత' వంటి ధారావాహికలను జానపద నవల లందుము. మొదటివాని కర్తలు తెలియరు. తక్కినవాని కర్తలు మన మెరిగినవారే. భిన్నమైన ఈ రచనల కొకే పేరు చెల్లునా యను విషయమున రెండు పక్షములు గలవు.

జనుల నోట పుట్టి, నోటినుండి నోటికి పాకి, పాఠభేదములతో నిలుచునదే జానపద మనియు, ఒక రచయిత కల్పించి అచ్చువేయించిన మాంత్రికుని కథ కా పేరు తగదనియు మొదటి పక్షమువారి వాదము. లోకవ్యవహారమే శబ్దార్థమునకు ప్రమాణ మనియు, ఏడు దశాబ్దములుగా పాఠకులును ప్రేక్షకులును వాడుచున్న మాటను తప్పనుట నిష్ప్రయోజన మనియు రెండవ పక్షమువారి వాదము. ఇది వట్టి పేరు తగవు కాదని మొదటనే మనవి చేయుచున్నాము. తెలుగువారి మంత్రతంత్ర విశ్వాసములను పరిశీలింపబూనిన విద్యార్థి, పేరును నమ్మి 'మకరదేవత'ను గూడ తన సాక్ష్యములలో చేర్చుకొనెననుకొందము. అప్పు డాతడు ఒక రచయిత కల్పనను ఒక జాతి విశ్వాసముగా నిరూపించినవాడగును. పేరులోని పొరపాటు సిద్ధాంతములోని పొరపాటగును.

ముందుగా శబ్దచరిత్రమును చూతము. జనపద మనగా జనులు నివసించు దేశభాగము. కౌటిల్యుని అర్థశాస్త్రమున రాజ్యమునకు చెప్పబడిన యేడంగములలో జనపద మొకటి. అందు నివసించువాడు జానపదుడు. పురమందలి పౌరునకు ప్రతియోగిగా 'పౌరజానపదు'లను జంటపదము ప్రాచీన వాఙ్మయమున ప్రసిద్ధము. అచ్చట కథకు గాని, పాటకు గాని, మాయకు గాని సంబంధము లేదు. 1846లో ఇంగ్లండున విలియం థామ్స్ 'ఫోక్‌లోర్' అను మాటను ప్రతిపాదించెను. ఆ శాస్త్రము మన దేశమున వ్యాపించిన పిదప తెలుగువారు దాని కీ పాతమాటనే స్వీకరించిరి. బిరుదురాజు రామరాజు గారు తెలుగు జానపద గేయ సాహిత్యముపై చేసిన పరిశోధనతో ఈ యర్థము విశ్వవిద్యాలయములలో స్థిరపడెను.

రెండవ యర్థము చలనచిత్రములతో బలపడెను. మన చిత్రములను పౌరాణికములు, చారిత్రకములు, సాంఘికములు, జానపదములు అని నాలుగు తెగలుగా విభజించుట వాడుక. ఈ విభజన కథ యెట్లు పుట్టినదని అడుగదు. కథలో నేమున్నదని మాత్రమే అడుగును. పురాణపాత్రలు లేక, చరిత్ర కెక్కిన రాజులు లేక, నేటి సంసారము లేక, కల్పిత రాజ్యమున రాజకుమారుడును మాంత్రికుడును ఉన్నచో, ఆ చిత్రము నాలుగవ తెగ కెక్కును.

ఈ భేదమునకు నిదర్శనములు స్పష్టములు. 1757 నాటి బొబ్బిలి యుద్ధమును గూర్చిన కథాగేయమును గాయకులు తరతరములుగా పాడిరి. అది నిస్సందేహముగా జానపద సాహిత్యము. కాని 1964లో వచ్చిన 'బొబ్బిలి యుద్ధం' చారిత్రక చిత్రమే యనిపించుకొన్నది. 'పాతాళభైరవి' కథకు మధిర సుబ్బన్న దీక్షితులు గారి 'కాశీమజిలీ కథల'లోని యొక కథ ఆధారమని ప్రసిద్ధి. దానిని చిత్రమునకు తీర్చినవారు పింగళి నాగేంద్రరావు గారు. ఇది మాత్రము జానపద చిత్రము. జనుల నోట పుట్టినది జానపద చిత్రము కాలేదు. గ్రంథమునుండి వచ్చినది అయినది. 2015లో విడుదలయిన 'బాహుబలి'ని గూడ పలువురు జానపద మనిరి. అందు మాంత్రికుడు ప్రధానుడు కాడు. కల్పిత రాజ్యమే ప్రధానము.

అట్లయిన నీ రెండర్థము లొకే మాట నెట్లు చేరినవి? 'బాలనాగమ్మ' కథ ఇందులకు సమాధానము చెప్పును. జంగముకథగను బుర్రకథగను ప్రచారమందిన ఈ కథలో మాయల మరాఠీ బాలనాగమ్మను అపహరించును. ఆమె భర్త శిలయగును. చిలుకలో దాగిన మరాఠీ ప్రాణమును కొడుకు సాధించును. 1868లో మేరీ ఫ్రియర్ 'ఓల్డ్ డెక్కన్ డేస్' అను సంపుటమును ప్రకటించెను. ఆమెకు అన్నా లిబరాటా డిసూజా యను ఆయా చెప్పిన కథలలో 'పంచ్‌కిన్' అనున దొకటి. అందలి నాయిక పేరు బాల్నా. ఆమె భర్త శిలయగుట, మాంత్రికుని ప్రాణము చిలుకలో నుండుట, కొడుకు తల్లిని విడిపించుట అన్నియు నందును గలవు. ప్రాణము వెలుపల దాగియుండుట యను ఈ కథాంశము అనేక దేశముల కథలలో గానవచ్చును. కనుక బాలనాగమ్మ పుట్టుకను బట్టియు జానపదమే, విషయమును బట్టియు జానపదమే. 1942లో జెమినీవారు దానిని చిత్రముగా నిర్మించిరి. ఇట్టి కథలయందు రెండు లక్షణములును కలిసియుండుటచే, పుట్టుకను చెప్పు మాట విషయమును చెప్పు మాటగా జారినదని మా యభిప్రాయము.

జారిన మాటను వెనుకకు లాగవలెనా? అవసరము లేదు. అవయవార్థమును బట్టి వచ్చునది యౌగికమనియు, వాడుకను బట్టి నిలుచునది రూఢమనియు మన శాస్త్రకారులు విభజించిరి. పంకమున పుట్టినవన్నియు పంకజములు కానట్లే, కల్పిత రాజ్యపు కథకు 'జానపద' మను పేరు రూఢి. అయితే ఇచ్చట రూఢి యోగమును తొలగింపలేదు. రెండును పక్కపక్కన జీవించుచున్నవి. అట్టిచోట అర్థనిర్ణయమునకు సందర్భమే శరణ్యము. భోజనసమయమున సైంధవము తెమ్మన్నచో ఉప్పునే గాని గుఱ్ఱమును దేరు గదా!

కావున మా నిర్ణయ మిది. 'గేయము', 'గాథ', 'కళ' అను మాటలకు ముందున్న 'జానపద' శబ్దము పుట్టుకను తెలుపును. 'చిత్రము', 'నవల', 'ధారావాహిక' అను మాటలకు ముందున్నది విషయమును తెలుపును. చిత్రమును గాని నవలను గాని జనులు నోటితో కల్పింపలేరు గనుక ఇచ్చట సందేహమునకు తావు లేదు. చిక్కంతయు 'జానపద కథ', 'జానపద సాహిత్యము' అను రెండు మాటలలోనే యున్నది. పరిశోధన గ్రంథములలో వీనిని మౌఖిక సంప్రదాయమునకే పరిమితము చేయవలెను. దాసరివారి రచనలను జానపద నవల లనవచ్చును; వానిని జానపద సాహిత్య మనరాదు.

ఇక ఈ తెగ రచనలకన్నిటికి వర్తించు పేరొకటి కావలెను. 'కాల్పనిక' మను మాటను కొందరు సూచింతురు. కాని సాంఘిక నవలయు కల్పనయే. పైగా భావకవిత్వ చర్చలలో ఆ మాటకు వేరొక యర్థ మేర్పడినది. 'అద్భుత సాహిత్యము' అను పేరు మాకు యుక్తముగ దోచుచున్నది. విస్మయము స్థాయిగా గల అద్భుతము మన యలంకారశాస్త్రమున ప్రసిద్ధమైన రసము. ఈ పేరు కథ పుట్టుకను గూర్చి యేమియు చెప్పదు. అందుచే నెవరిని పొరబెట్టదు. పింగళి సూరన 'కళాపూర్ణోదయము'ను, కొఱవి గోపరాజు 'సింహాసన ద్వాత్రింశిక'ను జానపదము లన్నచో వినువారు నవ్వుదురు. అద్భుత కథలన్నచో ఒప్పుకొందురు. 1937లో టోల్కీన్ ప్రకటించిన 'ది హాబిట్'కును, హారీ పాటర్ కథలకును ఈ పేరే సరిపోవును. బాలనాగమ్మ మౌఖికమైన అద్భుత కథ; 'తోకచుక్క' లిఖితమైన అద్భుత కథ. ఈ విశేషణము తోడైనచో పరిశోధకునకు కావలసిన భేద మంతయు తెలియును.

విద్యార్థులకు మా సూచన యొక్కటే. గ్రంథారంభమున 'జానపద' శబ్దము నే యర్థమున వాడుచున్నారో చెప్పి, తుదివరకు దానికే కట్టుబడియుండుడు. ప్రతి కథకును మొదట అడుగవలసిన ప్రశ్న 'ఇందు మాయ యున్నదా?' అనునది కాదు, 'దీనిని ఎవరు, ఎవరికి, ఎట్లు చెప్పిరి?' అనునది. దానికి సమాధానము దొరకినపుడు తగిన పేరు తానే వచ్చును.