గోడలోని నీరే న్యూట్రాన్‌కు కళ్లెం

కాంక్రీటు కవచం విషయంలో లెక్కకు కొలతే గీటురాయి

తిరువూరు: క్యాన్సర్ రోగులను రేడియేషన్ చికిత్స నిమిత్తం తిరువూరు పరిసర గ్రామాల నుంచి విజయవాడకు తీసుకువెళ్లే బంధువులు చికిత్స గది వెలుపల నిరీక్షిస్తుంటారు. వారికీ, లోపలి యంత్రానికీ నడుమ అడ్డుగా నిలిచేది మందపాటి కాంక్రీటు. అది ఎంత మందం ఉండాలో ముందుగా గణించి నిర్ణయిస్తారు. ఆ లెక్క సరైనదో కాదో తేల్చేది మాత్రం కొలతే.

గోలీ ఆట సూత్రమే

10 మెగావోల్టులకు మించిన శక్తితో పనిచేసే లీనియర్ యాక్సిలరేటర్లలో ఎక్స్-కిరణాలు భార లోహ భాగాలను తాకినప్పుడు కొద్దిపాటి న్యూట్రాన్లు వెలువడతాయి. యంత్రం ఆపగానే వీటి ఉత్పత్తి ఆగిపోతుంది. న్యూట్రాన్‌కు విద్యుదావేశం లేనందున అది పదార్థంలోకి సులువుగా చొచ్చుకుపోతుంది. గోలీ రోలును తాకితే వేగం తగ్గకుండా వెనక్కు ఎగురుతుంది. సమాన బరువున్న మరో గోలీని తాకితే తన వేగాన్ని దానికి ఇచ్చివేస్తుంది. న్యూట్రాన్‌తో దాదాపు సమాన బరువున్నది హైడ్రోజన్ కేంద్రకం. కాంక్రీటులో హైడ్రోజన్ ప్రధానంగా నీటి రూపంలోనే ఉంటుంది. గామా కిరణాలను అడ్డుకొనే బరువైన కాంక్రీటులో మంగంపేటలో లభించే ముగ్గురాయి వంటి ఖనిజాన్ని వాడతారు. న్యూట్రాన్ల విషయంలో బరువు ఒక్కటే చాలదు.

తేడా ఎక్కడ?

1940లలో ఉలమ్, వాన్ న్యూమన్ రూపొందించిన మాంటే కార్లో పద్ధతిలో కంప్యూటరు లక్షలాది న్యూట్రాన్ల ప్రయాణాన్ని పాచికలు వేసినట్లు ఒక్కొక్కటిగా అనుసరిస్తుంది. అయితే కాంక్రీటు సాంద్రతతోపాటు అందులోని నీటి శాతాన్ని మనమే దానికి చెప్పాలి. సిమెంటుతో కలిసిపోయిన నీరు నిలుస్తుంది. మిగిలినది కాలక్రమంలో, వేడికి ఆరిపోతుంది. ఉదాహరణకు ఒక్కో పొరలో లెక్క 5 శాతం తప్పితే పది పొరలు దాటేసరికి తేడా 60 శాతం మించుతుంది.

అందుకే పరిశోధకులు కాంక్రీటులో వేర్వేరు లోతుల్లో పలుచని బంగారు, ఇండియం రేకులను ఉంచుతారు. న్యూట్రాన్లను గ్రహించిన రేకులు రేడియోధార్మికతను పొందుతాయి. దానిని కొలిచి, లెక్క విలువను కొలత విలువతో భాగిస్తారు. ఫలితం 1కి దగ్గరగా ఉంటే రెండూ ఏకీభవించినట్లు.

అప్సరలో ప్రయోగాలు

ట్రాంబేలో 1956 ఆగస్టు 4న ప్రారంభమైన అప్సర రియాక్టరు కవచ పరీక్షలకు వేదికగా నిలిచింది. కల్పాక్కం ఫాస్ట్ బ్రీడర్ రియాక్టరు కవచ రూపకల్పనకు సంబంధించిన ప్రయోగాలు అందులో జరిగాయి. దాని స్థానంలో 2018 సెప్టెంబరులో అప్సర-యు పని ప్రారంభించింది.

ఆసుపత్రి గదులకూ ఇదే నియమం వర్తిస్తుంది. అణుశక్తి నియంత్రణ మండలి నమూనాను ఆమోదించిన తరువాతే నిర్మాణం చేపట్టాలి. చికిత్స మొదలుపెట్టేముందు గోడ వెలుపల రేడియేషన్‌ను కొలవాలి. సామాన్య ప్రజలకు పరిమితి ఏడాదికి 1 మిల్లీసీవర్టు. నిరీక్షించే బంధువుకు నిజమైన భరోసా కాగితంపై ఉన్న మందం కాదు, గోడ వద్ద తీసిన కొలత.